ఒక్క గడి తేడా!

పదో తరగతి చదివినవాళ్లెవరికైనా గుర్తుండే ఉంటుంది... సైన్సు క్లాసులో గోడకు వేలాడే రంగురంగుల చార్టు. అడ్డంగా ఏడు వరసలు, నిలువుగా పద్దెనిమిది. మొత్తం 118 గళ్లు. పరీక్ష ముందురోజు 'లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం...' అంటూ బట్టీ పట్టడం, పరీక్ష అయిన మర్నాడే మర్చిపోవడం! 'పై నుంచి కిందికి వస్తే పరమాణు పరిమాణం పెరుగును, ఎడమ నుంచి కుడికి పోతే తగ్గును'... ఇది రెండు మార్కుల ప్రశ్న. దాంతో పీరియాడిక్ టేబుల్ పని అయిపోయిందనుకుంటాం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ అయితే పిల్లలకు బరువు తగ్గించాలంటూ పదో తరగతి పుస్తకంలోంచి ఆ పాఠాన్నే తీసేసింది. పదకొండో తరగతిలో సైన్సు తీసుకున్నవాళ్లు చదువుకుంటే చాలట!

కోనసీమలోని మలికిపురం మండలంలో మాత్రం ఆ రెండు మార్కుల ప్రశ్న తోటల్లోనే నిలబడి ఉంది. కేశనపల్లి, శంకరగుప్తం వైపు వెళ్తే కనిపిస్తాయి... మట్టలు రాలిపోయి, మొవ్వు ఎండిపోయి, మోడులుగా మిగిలిన కొబ్బరిచెట్లు. శంకరగుప్తం డ్రెయిన్ ఊళ్లలోని మురుగునీటిని సముద్రానికి చేర్చాల్సిన కాలువ. పోటు సమయంలో సముద్రమే ఆ కాలువలోంచి వెనక్కి ఎగదన్ని తోటల్లోకి వస్తోంది. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఆ మోడులను చూసి వెళ్లారు.

ఆ చెట్లను చంపింది ఉప్పునీరని చిన్నపిల్లాడైనా చెబుతాడు. కానీ ఉప్పులో ఏది చంపింది? కొబ్బరి సముద్రపు ఒడ్డున పుట్టిన చెట్టే కదా, దానికి ఉప్పంటే భయమెందుకు? రైతు డబ్బిచ్చి కొని చెట్టు మొదట్లో వేసే పొటాష్ కూడా ఒకరకం ఉప్పే కదా, మరి అది ప్రాణం పోస్తుంటే ఇది తీయడమేంటి? జవాబు ఆ గోడ చార్టులో ఉంది. ఎడమ చివరి నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉండే రెండు గళ్లు... పైది సోడియం, కిందిది పొటాషియం. వాటి మధ్య తేడా ఒక్క మెట్టు!

ఆ మెట్టు ఎక్కేముందు అడ్డవరస సంగతి చూడాలి. దానికోసం లేబొరేటరీ అక్కర్లేదు, మలికిపురంలో ఓ కొబ్బరితోట చాలు. పట్టికలోని మూడో అడ్డవరస మొత్తం అందులోనే దొరుకుతుంది. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు తుంపర్లలో సోడియం. ఆకు పచ్చగా ఉండటానికి కారణమైన పత్రహరితం నడిబొడ్డున మెగ్నీషియం. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రులో అల్యూమినియం, సిలికాన్. రైతు వేసే సూపర్‌లో ఫాస్ఫరస్... అదే మన భాస్వరం. ఆ సూపర్ తయారీకి వాడే ఆమ్లంతోపాటే వచ్చే సల్ఫర్. ఉప్పులో మిగతా సగమైన క్లోరిన్. ఆఖర్న ఆర్గాన్... తోటలో వీచే గాలిలో వందోవంతు దాకా అదే, కానీ ఎవరి జోలికీ పోదు.

ఈ ఎనిమిదింటిలో ఎడమ నుంచి కుడికి నడిస్తే జరిగేది ఒకటే. కేంద్రకంలో ఒక్కో ప్రోటాన్ పెరుగుతుంది. బయట చేరే ఎలక్ట్రాన్లు మాత్రం అదే పొరలో సర్దుకుంటాయి. కేంద్రకం లాగుడు పెరుగుతుంది, పొర బిగుసుకుంటుంది. పరమాణువు చిక్కిపోతుంది. సోడియం పరమాణు వ్యాసార్ధం 186 పికోమీటర్లు. పికోమీటరంటే మిల్లీమీటరులో వందకోట్ల వంతు. క్లోరిన్ దగ్గరికొచ్చేసరికి అది 99! పైపొరలోంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడబెరకాలంటే సోడియానికి 496 కిలోజౌళ్లు చాలు. క్లోరిన్‌కి 1251 కావాలి. ఆర్గాన్‌కి 1521. అందుకే సోడియం ఇచ్చేసే రకం, క్లోరిన్ లాక్కునే రకం, ఆర్గాన్ ఇవ్వదు, పుచ్చుకోదు. ఇచ్చేదీ లాక్కునేదీ కలిస్తే ఉప్పు. అయితే వరస అన్నాం కదాని మెట్లన్నీ సమానంగా ఉంటాయనుకోకూడదు. మెగ్నీషియం తర్వాత అల్యూమినియం దగ్గర లెక్క కాస్త కిందికి జారుతుంది. ఫాస్ఫరస్ తర్వాత సల్ఫర్ దగ్గర మళ్లీ జారుతుంది. బట్టీ పట్టినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే!

ఈ వరస చివరి గడి ఆర్గాన్ 1869లో రష్యాలో మెండలీవ్ గీసిన పట్టికలో లేదు. ఆ నిలువు వరసే లేదు. అప్పటికి తెలిసిన 63 మూలకాలతోనే ఆయన పట్టిక వేశాడు. కొన్ని గళ్లు ఖాళీగా వదిలి, అక్కడ ఏం రావాలో, దాని గుణాలేంటో ముందే రాసిపెట్టాడు. వాటికి తాత్కాలికంగా పెట్టిన పేర్లు కూడా భలేగా ఉంటాయి... ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్. ఆ 'ఏక' మన సంస్కృతంలోదే! అల్యూమినియం కింద ఖాళీలోకి 1875లో గాలియం వచ్చింది. దాని సాంద్రత 4.7 అన్నాడు కనిపెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త. కాదు, 5.9 ఉండాలి, మళ్లీ చూసుకో అన్నాడు మెండలీవ్, ఆ లోహాన్ని కంటితో చూడకుండానే. మళ్లీ శుద్ధి చేసి తూస్తే 5.9 దగ్గరే తేలింది.

అంతటివాడు కూడా ఊహించని ఆ చివరి నిలువు వరస కథ మాత్రం తెలుగునేల మీదే మొదలైంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో దూరదర్శిని బిగించుకున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీని చూసే నార్మన్ పోగ్‌సన్ బందరులో మకాం వేశాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడగొట్టి చూస్తే ఓ పసుపు గీత. పసుపంటే అప్పట్లో అందరికీ తెలిసింది సోడియమే. పొయ్యిలో ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారుతుందే, అదే రంగు. సోడియం గీతలు 589 నానోమీటర్ల దగ్గర జంటగా ఉంటాయి. ఇది మాత్రం 587.6 దగ్గరుంది. ఆ కొద్దిపాటి తేడా చూసి ఇది సోడియం కాదని ఆ అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాక్యర్ తేల్చాడు. సూర్యుడి పేరుమీద హీలియం అయింది. భూమ్మీద అది దొరికింది 1895లో, రామ్సే చేతికి. అంతకు ముందు ఏడాదే ఆర్గాన్ బయటపడింది. పక్కపక్కనే ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావన్నది సోడియం విషయంలో అప్పటినుంచీ ఉన్న గొడవే!

ఆర్గాన్ వచ్చి మరో చిక్కు తెచ్చిపెట్టింది. దాని పరమాణు భారం 39.95. పొటాషియానిది 39.10. బరువు ప్రకారం పేర్చుకుంటూపోతే పొటాషియం ముందు రావాలి. అప్పుడది జడవాయువుల కింద, ఆర్గాన్ వెళ్లి సోడియం కింద కూర్చుంటాయి. నీళ్లలో వేస్తే భగ్గుమనే లోహాన్ని తీసుకెళ్లి ఉలుకూ పలుకూ లేని వాయువుల సరసన కూర్చోబెట్టడమన్నమాట! 1913లో హెన్రీ మోస్లీ ఎక్స్ కిరణాలతో చేసిన ప్రయోగాలతో సంగతి తెలిసింది. లెక్కపెట్టాల్సింది బరువు కాదు, కేంద్రకంలోని ఆవేశం. ఆర్గాన్ 18, పొటాషియం 19. ఎవరి గడిలో వాళ్లే ఉన్నారు. అంత పని చేసిన మోస్లీ మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో గల్లిపోలి దగ్గర చనిపోయాడు. అప్పటికి వయసు 27 ఏళ్లే.

ఇప్పుడు ఎడమ చివరి నిలువు వరసకు వద్దాం. ఇక్కడ ఒక్కో మెట్టు దిగితే పరమాణువుకు ఒక్కో పొర పెరుగుతుంది, ఉల్లిపాయలాగా. బయట ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతూ ఉంటుంది. లిథియం నుంచి దాన్ని లాగాలంటే 520 కిలోజౌళ్లు, సోడియం నుంచి 496, పొటాషియం నుంచి 419, సీజియం నుంచి 376. నీళ్లలో వేస్తే లిథియం బుసబుసమంటుంది. సోడియం కరిగి బంతై నీటి మీద పరుగులు తీస్తుంది. పొటాషియం ఊదారంగు మంటతో అంటుకుంటుంది. సీజియం పాత్రనే పగలగొడుతుంది. కరిగే ఉష్ణోగ్రత కూడా మెట్టుమెట్టుకూ పడిపోతుంది. లిథియానికి 180 డిగ్రీలు, సోడియానికి 98, పొటాషియానికి 63. రుబీడియం 39 డిగ్రీలకే కరుగుతుంది, అంటే రోహిణీకార్తెలో మలికిపురం మధ్యాహ్నం ఎండ సరిపోవచ్చు. సీజియానికైతే ఎండ కూడా అక్కర్లేదు, 28.5 డిగ్రీలు చాలు. మరీ కిందికి పోతే ఈ వరస కూడా మాట తప్పుతుంది. ఫ్రాన్షియం తన ఎలక్ట్రాన్‌ను సీజియం కంటే గట్టిగా పట్టుకుంటుంది. దాని కింద రావాల్సిన 119వ మూలకం కోసం జపాన్‌లోని రైకెన్ సంస్థ 2018 నుంచీ వెతుకుతోంది. అది దొరికితే దాని ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావాల్సిన శక్తి సోడియానికీ పొటాషియానికీ మధ్యలో ఉండొచ్చని లెక్కలు చెబుతున్నాయి!

ఆ రెంటి దగ్గరికే మళ్లీ వద్దాం. ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ 1807 అక్టోబరులో కొద్ది రోజుల తేడాతో పొటాషియాన్నీ, సోడియాన్నీ విడదీశాడు. అంతదాకా వాటి లవణాలనే జనం వాడుకునేవారు. పొటాష్ అన్న పేరు బూడిద నుంచి వచ్చింది. కట్టె కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, ఆ నీటిని కుండలో మరిగించి తీసేవారు కాబట్టి కుండబూడిద అన్నారు ఆ దేశాల్లో. 1829లో డోబరైనర్ అనే జర్మన్ ఓ తమాషా గమనించాడు. లిథియం పరమాణు భారం 7, పొటాషియానిది 39. రెండూ కలిపి సగం చేస్తే 23. అది సోడియం భారం! పట్టిక పుట్టడానికి 40 ఏళ్ల ముందే అన్నదమ్ముల పోలిక దొరికిపోయింది.

ఇక్కడో వింత ఉంది. చెట్టును కాలిస్తే బూడిదలో దొరికేది ఎక్కువగా పొటాషియం. సముద్రాన్ని ఎండబెడితే దొరికేది సోడియం. భూమి పైపొరలో చూస్తే రెండూ దాదాపు సమానంగానే ఉన్నాయి, రెండు శాతం పైచిలుకు చొప్పున. సముద్రంలో మాత్రం కిలో నీటికి సోడియం 10.8 గ్రాములైతే, పొటాషియం 0.4 గ్రాములే. 27 రెట్లు తేడా. మిగతా పొటాషియం ఎటు పోయింది?

పట్టికలో ఒక మెట్టు తేడాయే జవాబు. ఎలక్ట్రాన్ పోయాక మిగిలే సోడియం అయాన్ వ్యాసార్ధం 102 పికోమీటర్లు, పొటాషియం అయాన్‌ది 138. ఆవేశం ఒకటే కాబట్టి చిన్నదైన సోడియం చుట్టూ ఆ లాగుడు దట్టంగా ఉంటుంది. నీటి అణువులను గట్టిగా చుట్టుకుంటుంది, వదలదు. పొటాషియం పట్టు వదులు. నీటి చొక్కా విప్పేసి బంకమట్టి పలకల మధ్య ఉండే గుంతల్లో ఇట్టే కూర్చుంటుంది. ఆ గుంతలు దానికి కొలిచి చేసినట్టే సరిపోతాయి. అందుకే కొండరాళ్లు అరిగి గోదావరిలో కలిసినప్పుడు సోడియం నీటితోపాటు అంతర్వేది దాటి సముద్రంలోకి పోతే, పొటాషియంలో చాలాభాగం ఒండ్రును పట్టుకుని మిగులుతుంది. అక్కడి నుంచి వేరులోకి, వేరు నుంచి ఆకులోకి, బొండాంలోకి. కొబ్బరినీళ్లలో సోడియం కంటే పొటాషియమే ఎక్కువ. ఉప్పుకయ్యకు ఆమడదూరం కూడా లేని చెట్టు సముద్రం లెక్కను తలకిందులు చేసి గెలలో నింపుతుందన్నమాట.

వేరు ఆ రెంటినీ ఎలా గుర్తుపడుతుంది? కణాల పొరల్లో పొటాషియం కోసమే ప్రత్యేకంగా ద్వారాలున్నాయి. చిత్రమేంటంటే వాటిలోంచి పెద్దదైన పొటాషియం దూరిపోతుంది, చిన్నదైన సోడియం దూరలేదు! జల్లెడలో రాయి దిగిపోయి ఇసుక ఆగిపోయినట్టు. దీని గుట్టు 1998లో అమెరికాలో రోడరిక్ మెకినన్ విప్పాడు. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియాలోని ద్వారాన్ని పరమాణువు పరమాణువుగా చూశాడు. లోపల ఆక్సిజన్ పరమాణువులు నీటి అణువుల స్థానంలో సరిగ్గా పొటాషియం కొలతకు వరస కట్టి ఉన్నాయి. నీటి చొక్కా విప్పిన పొటాషియానికి అక్కడ కొత్త చొక్కా సిద్ధం. సోడియానికి అది వదులైపోతుంది, ఉన్న చొక్కా విప్పడానికి అది ఒప్పుకోదు. పదివేల పొటాషియం అయాన్లు పోతే ఒక్క సోడియం పోతుందేమో. 2003లో మెకినన్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, పీటర్ ఆగ్రెతో కలిపి.

ఇంత కట్టుదిట్టంగా కాపలా ఉంటే కేశనపల్లిలో చెట్లెందుకు పోయాయి? కాపలా ఆ తలుపు దగ్గరే కాబట్టి. వేళ్లకు అంత కచ్చితంగా ఎంచుకోని దారులు కూడా ఉన్నాయి. మామూలు రోజుల్లో వాటితో ప్రమాదం లేదు. మొదట్లో ఉప్పునీరు రోజుల తరబడి నిల్వ ఉంటే సోడియం ఆ దొడ్డిదారుల్లోంచి తోసుకొస్తుంది. పైగా అంత ఉప్పున్న నీటిలోంచి మంచినీటిని పీల్చుకోవడమే వేరుకు కష్టం. నీరు నిలిచిపోతే గాలి కూడా అందదు. లోపలికి చేరిన సోడియం పొటాషియం కుర్చీలో కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. పొటాషియం ఉంటేనే నడిచే ఎంజైములు చెట్టులో డజన్ల కొద్దీ ఉన్నాయి. అవి మందగిస్తాయి. ముదురు మట్టలు ముందుగా ఎండుతాయి, పిందెలు రాలతాయి, గెల చిక్కిపోతుంది. ఆఖరికి మొవ్వు.

అలాగని ఉప్పంతా విషమేనా అంటే కాదు. పట్టికకు కుడివైపున్న హాలోజన్ల వరసలో అన్నీ ఎదురు. ఫ్లోరిన్, క్లోరిన్ వాయువులు, బ్రోమిన్ ద్రవం, అయోడిన్ ఘనపదార్థం. ఇక్కడ కిందికి దిగేకొద్దీ దూకుడు తగ్గుతుంది. ఎలక్ట్రాన్‌ను లాక్కోవాలంటే కేంద్రకం దగ్గరగా ఉండాలి మరి! ఇందులో క్లోరిన్ అంటే కొబ్బరికి ప్రాణం. చాలా మొక్కలకు అది చిటికెడు చాలు, కొబ్బరికి మాత్రం దండిగా కావాలి. ఆకు మీది సన్నటి రంధ్రాలను తెరిచి మూయడానికి అది పొటాషియంతోపాటు క్లోరిన్‌నే వాడుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లో సముద్రానికి దూరంగా ఉన్న కొబ్బరితోటలకు రైతులు ఎరువుగా వేసేది ఉప్పే. కేరళలో మొక్క నాటే గోతిలో ఉప్పు వేసే అలవాటు పాతదే. పెద్దలు చాదస్తంతో చేసిన పని కాదది. మన రైతు వేసే పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే కాబట్టి రెండూ ఒకే దెబ్బతో అందుతున్నాయి. కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ అన్న సిఫార్సులో పెద్దపీట దేనికో చూస్తేనే తెలుస్తుంది. ఆ పొటాష్ దాదాపు మొత్తం విదేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. మూడో వరసలో ఒక చివర సోడియం, ఇంకో చివరకు ముందు గడిలో క్లోరిన్. చెట్టుకు కావాల్సింది రెండోది, సముద్రం మాత్రం రెంటినీ కలిపే పంపుతుంది.

చెట్టు సంగతి సరే, సోడియం నేలను కూడా వదలదు. నీటి చొక్కాతోనే వచ్చి బంకమట్టి పలకల మధ్య దూరి వాటిని విడదీస్తుంది. మట్టి తడిస్తే జిగురు, ఎండితే రాయి. వానపడినా నీరు కిందికి ఇంకదు. రైతులు చవుడు పట్టిందనేది దీన్నే. దానికి మందు జిప్సం. అందులోని కాల్షియం పట్టికలో పొటాషియం పక్క గడి. కాల్షియం అయాన్ సైజులో సోడియానికి అటూఇటూగా ఉంటుంది, ఆవేశం మాత్రం రెట్టింపు. మట్టి పలకలను రెండు చేతులతో పట్టుకుంటుంది, సోడియాన్ని బయటకు నెడుతుంది. నెట్టిన సోడియం తోటలోనే ఉండిపోతే లాభం లేదు. మంచినీటిని బాగా పారించి దాన్ని కిందికి కడగాలి, కడిగిన నీరు డ్రెయిన్‌లోంచి సముద్రానికి పోవాలి. డ్రెయినే సముద్రాన్ని వెనక్కి తెస్తుంటే జిప్సం బస్తాలన్నీ బూడిదలో పోసిన పన్నీరే! అందుకే జిప్సం కంటే ముందు కావాల్సింది పూడిక తీసిన కాలువ, పోటుకు మూసుకుని ఆటుకు తెరుచుకునే తలుపులు. అది రసాయనశాస్త్రంలో లేని పని, ఇంజినీర్లూ ప్రభుత్వమూ చేయాల్సిన పని.

తోట మళ్లీ వేయాలన్నా తొందరగా తేలేది కాదు. దేశవాళీ కొబ్బరిమొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. మలికిపురం తీరంలో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది.